మందు పోస్తున్నానంటే ఆ మందు కాదురా

ఒరేయ్ శీనూ,

పోయిన ఆదివారం పొద్దున (ఇక్కడ అమెరికాలో నాకు శనివారం రాత్రి) నువ్వు ఫోన్ చేసినప్పుడు "మందు పోస్తున్నా, తర్వాత మాట్లాడతా" అని కట్ చేశాను, ఒప్పుకుంటా. అంతమాత్రానికి నువ్వు పనిగట్టుకుని తెనాలి వెళ్లి మా అమ్మతో "మీవాడు శనివారం రాత్రిళ్లు గ్యారేజీలో ఒక్కడే కూర్చుని తాగుతున్నాడు పిన్నీ" అని చెప్పాలా? అమ్మ ఫోన్ చేసి ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆఖర్న మా ఆవిడను పిలిచి "నువ్వైనా నాకు చెప్పొచ్చు కదమ్మా" అంది. మా ఆవిడ నవ్వాపుకోలేక "అది తాగే మందు కాదత్తయ్యా, తుపాకీ మందు" అనేసింది. దాంతో అమ్మ ఇంకా గట్టిగా మొదలుపెట్టింది.

ఫోన్లో అయితే నన్ను పూర్తిగా చెప్పనివ్వవు కాబట్టి రాస్తున్నా, కుదురుగా చదువు.

టెక్సస్ వచ్చి ఇన్నేళ్లయినా గ్రీన్ కార్డు వచ్చేదాకా నేను తుపాకీ జోలికి పోలేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడ తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు, ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయిలే, కానీ వీసా మీద ఉన్నవాడు అలాంటి సందుల్లో దూరడం నాకు నచ్చదు. కార్డు వచ్చాక ఆఫీసులో ఒక పెద్దాయన రేంజికి, అంటే తుపాకీతో గురి కొట్టే చోటికి, తీసుకెళ్లాడు. 100 గజాల దూరంలో కాగితం, మధ్యలో చుక్క, అంతే. వేట లేదు, గోల లేదు. చిన్నప్పుడు నువ్వూ నేనూ తిరనాళ్లలో బెలూన్లు కొట్టేవాళ్లం చూడు, అదే పిచ్చి ముదిరిందనుకో.

నా రైఫిల్లో వేసేది 308 వించెస్టర్ అనే రకం తూటా. 1952లో వచ్చింది అది, ఇప్పటికీ టార్గెట్ కొట్టేవాళ్లలో చాలామంది వాడతారు. గురికి పనికొచ్చే మంచి రకం షాపులో కొంటే నాకు ఒక్కోటి డాలరు డెబ్బై పడుతుంది. ఒక పూట రేంజిలో కూర్చుంటే 60 కాలతాయి, అంటే వంద డాలర్ల పైమాట. మా ఆవిడ క్రెడిట్ కార్డు బిల్లు చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్.

అప్పుడు ఆ పెద్దాయనే రీలోడింగ్, అంటే కాల్చిన తూటాను మళ్లీ నింపుకోవడం గురించి చెప్పాడు. తూటా అంటే నాలుగు వస్తువులురా: ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో బుల్లెట్. ప్రైమర్ అంటే మన దీపావళి తుపాకీలో పెట్టే బిళ్ల లాంటిదే, కాస్త పెద్దింటి బిడ్డ. కాల్చాక బుల్లెట్ ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది, గొట్టం మాత్రం మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది సాధారణంగా ఆ గొట్టమే! దాన్ని జనం రేంజిలో పారేసి పోతున్నారు. అది చూసి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. హార్లిక్స్ సీసా పారేస్తే ఊరుకునేదా ఆవిడ? ఇప్పుడు నేను రేంజి మూసే వేళకు చింతకాయలు ఏరుకున్నట్టు, అక్కడివాళ్లను అడిగి, వంగి వంగి ఇత్తడి ఏరుతున్నా.

దొరికిందల్లా పనికిరాదు. 22 రకం చిన్న తూటాలకు పేలే మసాలా అడుగు అంచులోనే ఉంటుంది, కాల్చాక ఆ అంచు నొక్కుకుపోతుంది, కాబట్టి వాటిని వదిలెయ్యాలి. పెద్దవాటిలోనూ రెండు జాతులు. బాక్సర్ రకానికి లోపల నడిమధ్య ఒకే చిల్లు, సూది పెట్టి పొడిస్తే పాత ప్రైమర్ టక్కున ఊడుతుంది. బెర్డన్ రకానికి మామూలుగా రెండు చిన్న చిల్లులు పక్కపక్కన, అక్కడ సూది పొడిస్తే సూదే విరుగుతుంది. తమాషా ఏమిటంటే బాక్సర్ ఇంగ్లండు సైనికాధికారి, బెర్డన్ అమెరికావాడు, కానీ అమెరికాలో చెలామణి అయ్యేది బాక్సర్‌ది, యూరప్ సైన్యాలు ఎక్కువగా వాడింది బెర్డన్‌ది. ఇంట్లో కూర రుచి పక్కింటివాళ్లకే తెలిసినట్టు.

ఏరుకొచ్చినవి కడిగి, మొక్కజొన్న కండె పొట్టులో వేసి మెషీన్లో తిప్పితే అమ్మ చింతపండుతో తోమిన బిందెల్లా మెరుస్తాయి. ఆ దుమ్ములో సీసం ఉంటుంది, అది మాత్రం హాస్యం కాదు. అందుకే ఆ పని గ్యారేజీ బయట, మాస్క్ కట్టుకుని చేస్తా. చేతులు సబ్బుతో కడిగి చొక్కా మార్చుకుంటే గానీ మా ఆవిడ వంటగదిలోకి రానివ్వదు. మన మడి లాంటిదే, కాకపోతే దీనికి కారణం ఉంది.

తర్వాత గొట్టాన్ని అచ్చులోకి దూర్చి పాత సైజుకు తేవాలి, ఎందుకంటే కాల్చినప్పుడు అది ఉబ్బుతుంది. దూర్చేముందు నూనె లాంటిది రాయాలి. మొదటి వారంలోనే నేను పిసినారితనంతో కొంచెమే రాశా. గొట్టం అచ్చులో ఇరుక్కుంది, బలంగా లాగితే దాని అడుగు అంచు ఊడొచ్చింది గానీ గొట్టం రాలేదు. పది పైసల నూనె దగ్గర కక్కుర్తి పడి కొత్త అచ్చు కొన్నా. పెద్దాయనకు చెబితే "ఇప్పుడు నువ్వు మాలో చేరావు" అన్నాడు.

ఇత్తడి కూడా చిరంజీవి కాదు. కొన్నిసార్లు వాడాక అడుగు దగ్గర లోపల సాగి సన్నబడి గాడి పడుతుంది, బయట మెరిసే గీత కనిపిస్తుంది. కాగితాలకు పెట్టే క్లిప్పు కొస వంచి లోపల గీకి చూస్తే ఆ గాడి చేతికి తగులుతుంది. తగిలిందా, చెత్తబుట్టే. అక్కడ పొదుపు పనికిరాదు.

ఇక లెక్క, నువ్వు అడిగేది అదేగా. నాకు బుల్లెట్ 45 సెంట్లు, మందు 30, ప్రైమర్ 8, అంటే 83 సెంట్లు. తూటాకు 87 సెంట్లు మిగులు. సామాన్లకు 450 డాలర్లు పెట్టా, అంటే 500 పైచిలుకు తూటాలు కాలిస్తే అసలు తిరిగొస్తుంది. వచ్చింది కూడా. కానీ చవకని ఇప్పుడు రెండింతలు కాలుస్తున్నా, నెల ఖర్చు మళ్లీ అక్కడికే చేరింది. ఇది మా ఆవిడకు తెలియదు, ఉత్తరం మడిచి లోపల పెట్టు. 223 అనే చవక రకం తూటా కాల్చేవాడికైతే ఈ గొడవ వద్దనే చెబుతా, తూటాకు పది పదిహేను సెంట్ల కోసం శనివారాలు తగలెయ్యడం దండగ. 2020, 21లో ప్రైమర్లు దొరక్క అందరూ అల్లాడారు, అప్పుడు కొని పెట్టుకున్నవాడే మొనగాడు.

ఆఫీసులో ఒకడు "నాకూ వంద చేసిపెట్టు, డబ్బులిస్తా" అన్నాడు. కుదరదన్నా. ఇక్కడ సొంతానికి చేసుకుంటే లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికి చేస్తే కావాలి. అయినా నా తప్పు నా చేతుల్లో పేలితే ఒక లెక్క, వాడి మొహం దగ్గర పేలితే?

ఇప్పుడు నీ ఫోన్ సంగతి. మందు తూచేది గ్రెయిన్లలో. 7000 గ్రెయిన్లయితే ఒక పౌండు, అంటే ఒక గ్రెయిన్ మన కంసాలి గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. ఎంత పొయ్యాలో మందు కంపెనీ మాన్యువల్లో ఉంటుంది, పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టుకునే పోస్తా, గుర్తున్నా సరే. బల్ల మీద ఒకే మందు డబ్బా, రెండోది కనపడకూడదు. నువ్వు ఫోన్ చేసేసరికి 18 తూటాలు అయ్యాయి. ఫోన్ అందుకోబోతే మోచెయ్యి త్రాసుకు తగిలింది. నీ ఫోన్ పెట్టేసి చూస్తే త్రాసు మీది గుండు ఒక గీత పక్కకు జరిగి ఉంది. నా మోచెయ్యి వల్ల జరిగిందా, మొదటి తూటా నుంచే అలా ఉందా? గుర్తు రాలేదు.

తూటాలను మళ్లీ తూచి చూడొచ్చుగా అంటావు. అసలు మందే పొయ్యనిదైతే తేలిగ్గా ఉండి దొరికిపోతుంది. అలాంటిది కాలిస్తే ప్రైమర్ తోపుకే బుల్లెట్ రైఫిల్ గొట్టంలో సగం దాకా పోయి ఇరుక్కోవచ్చు, చూసుకోకుండా వెనక నుంచి ఇంకోటి కొట్టామా, రైఫిలే బద్దలు. కానీ వీసమెత్తు తేడా అలా దొరకదు, ఇత్తడి బరువే ఒక్కోదానికి ఒక్కో రకం. అందుకని 18నీ విప్పేశా. దానికి సుత్తి లాంటి పనిముట్టు ఉంది, లోపల తూటా పెట్టి నేలకేసి కొడితే బుల్లెట్ ఊడుతుంది. రాత్రి పదకొండున్నర దాకా గ్యారేజీలో టక్ టక్ అని కొడుతూనే ఉన్నా. ఊడిన మందు పెరట్లో గడ్డి మీద పల్చగా చల్లేశా. కరివేపాకు కుండీ వైపు పోలేదులే.

మీవాడికి నేర్పమన్నావు. వాడు గచ్చిబౌలి రేంజిలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొడుతున్నాడుగా, దానికి మందూ లేదు, ఇత్తడీ లేదు, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు, వెనక గాలి. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం కొట్టింది దాంతోనే. వాణ్ణి అందులోనే ఉండనీ. పైగా అక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద లోపలేస్తారు, నా ఉత్తరం చూసి నువ్వేమీ మొదలెట్టకు.

ఇకనుంచి నీ ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఫోన్ చెయ్యకు. ఆ తర్వాత ఎప్పుడైనా చెయ్యి. ఈలోగా తెనాలి వెళ్లి అమ్మకు నువ్వే సర్దిచెప్పు, మందు అనే మాట వాడకుండా.

నీ,
రాంబాబు