కాన్పు గది రిజిస్టర్లను పారేయనివ్వకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఆరోగ్య బడ్జెట్ పద్దుల్లో మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల వైఫల్యం ఒక పేజీలో ఉంటాయి, గర్భిణుల సంరక్షణ మరో పేజీలో ఉంటుంది. ఆ రెండు పేజీలకూ లంకె ఉన్నట్టు పద్దులు రాసేవారు ఎక్కడా చూపరు. పెద్దవయసులో వచ్చే జబ్బులను పెద్దవయసు అలవాట్లకే అంటగట్టి, తిండి తగ్గించండి, నడవండి, పొగ మానండి అని చెప్పి ఊరుకోవడం ప్రభుత్వాలకు అలవాటైపోయింది. ఆ సలహాలు మంచివే. కానీ నలభై ఏళ్ల మనిషి చెవిన ఆ మాట పడేనాటికి, అతని గుండె, మూత్రపిండాలు, క్లోమం ఎంత భారం తట్టుకోగలవన్నది అతను తల్లి కడుపులో ఉన్న నెలల్లోనూ, పుట్టిన తర్వాతి తొలి రెండేళ్లలోనూ కొంత మేరకు నిర్ణయమై ఉంటుంది. నవజాత శిశువుల వైద్యంలో చాలాకాలం పనిచేసిన వ్యక్తిగా, ఈ విషయంలో ఇప్పటికే తేలిన సంగతులను మీ దృష్టికి తెచ్చి, పెద్దగా ఖర్చు లేని ఒక పనిని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ శాస్త్రం ప్రయోగశాలలో కాక పాత రిజిస్టర్లలో మొదలైంది. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో మంత్రసానుల పనిని పర్యవేక్షించే ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ 1911 నుంచి ఒక పద్ధతి పెట్టారు. బిడ్డ పుట్టగానే బరువు తూచి రాయాలి. తర్వాత నర్సులు ఇంటికి వెళ్లి తల్లిపాలు తాగుతోందా, సీసాపాలా, ఏయే జబ్బులు చేశాయి అన్నవి నమోదు చేయాలి. ఏడాది నిండగానే మళ్లీ తూచి, ఎన్ని పళ్లు వచ్చాయో కూడా రాయాలి. 1948 వరకు సాగిన ఆ రాత ఎవరికి ఉపయోగపడుతుందో రాసినవారికే తెలియదు. దశాబ్దాల తర్వాత బ్రిటిష్ వైద్య పరిశోధకుడు డేవిడ్ బార్కర్ బృందం ఆ పుస్తకాలను వెలికి తీసి, 1911, 1930 మధ్య పుట్టిన 5,654 మంది పురుషుల గతి ఏమైందో వెతికి, 1989లో ఫలితం ప్రకటించింది. పుట్టినప్పుడూ ఏడాది నాటికీ బరువు తక్కువగా ఉన్నవారే గుండెజబ్బుతో ఎక్కువగా మరణించారు. ఒక్కో వరుసలో సిరాతో రాసిన కొన్ని అంకెలు అరవై, డెబ్బై ఏళ్ల తర్వాత మరణ ధ్రువపత్రంతో సరిపోలాయన్నమాట.

దీన్ని మొదట చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమూ న్యాయమే, ఎందుకంటే పేద ఇంట్లో చిన్నగా పుట్టిన బిడ్డ పేదరికంలోనే పెరుగుతుంది, అలాంటప్పుడు జబ్బుకు కారణం కడుపులో ఉన్న కాలమా, తర్వాతి బతుకా అని విడదీయడం కష్టం. ఆ చిక్కుముడిని కొంతవరకు విప్పినది యుద్ధం తెచ్చిన ఒక ఘోరం. 1944 చివర నుంచి 1945 వసంతం దాకా జర్మన్ ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌లో రేషన్ రోజుకు వెయ్యి కేలరీల లోపుకు, ఒక దశలో నాలుగైదు వందలకు పడిపోయింది. విముక్తి రాగానే తిండి మళ్లీ దొరికింది. కరువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో కచ్చితంగా తెలుసు గనక, గర్భంలో ఏ నెలల్లో ఎవరు ఆకలికి గురయ్యారో పుట్టిన తేదీని బట్టి చెప్పవచ్చు. ఆ తరం పెద్దయ్యాక చూస్తే, గర్భం చివరి నెలల్లో కరువు తగిలినవారు చిన్నగా పుట్టారు. తొలి నెలల్లో తగిలినవారు మామూలు బరువుతోనే పుట్టినా, వారిలోనే గుండెజబ్బు, రక్తంలో కొవ్వు తేడాలు ఎక్కువగా కనిపించాయి. కరువు ఏ నెలలో తగిలినా చక్కెరను తట్టుకునే శక్తి మాత్రం తగ్గింది. గర్భం నిలిచిన తొలి రోజుల్లో కరువు తగిలినవారిలో, ఎదుగుదలతో సంబంధమున్న ఐజీఎఫ్2 జన్యువుపై రసాయన గుర్తులు ఆరు దశాబ్దాల తర్వాత కూడా తోబుట్టువుల కంటే భిన్నంగా ఉన్నాయని 2008లో తేలింది.

ఎదురు సాక్ష్యాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. 1941 నుంచి 1944 వరకు జర్మన్ సేనల ముట్టడిలో మాడిపోయిన సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌లో పుట్టినవారిని పరీక్షిస్తే, గర్భంలో ఆకలి తగిలినవారిలో మధుమేహం ఎక్కువగా లేదని 1997లో వెల్లడైంది. దీనికి పరిశోధకులు చెప్పే ఒక వివరణ ఆలోచించదగినది. డచ్చి పిల్లలకు కరువు వెంటనే సమృద్ధి వచ్చింది. లెనిన్‌గ్రాడ్ పిల్లలకు ముట్టడి తొలగాక కూడా కొరత చాలాకాలం కొనసాగింది. అంటే కొరతకు సిద్ధపడి తయారైన శరీరానికి సమృద్ధి ఎదురైతేనే చిక్కు వస్తుంది. ఒకే తరంలో లేమి నుంచి కలిమికి వేగంగా మారుతున్న సమాజాలు భయపడవలసింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 1934, 1944 మధ్య పుట్టినవారి రికార్డులూ అదే చెప్పాయి. చిన్నగా పుట్టి, రెండేళ్లకు బక్కగా ఉండి, ఆ తర్వాత గబగబా ఒళ్లు చేసినవారికే గుండెజబ్బు ముప్పు ఎక్కువ.

ఇదంతా శరీరంలో ఎక్కడ జరుగుతుందో చూడాలంటే మూత్రపిండాన్ని చూస్తే చాలు. రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు ఒక్కో మూత్రపిండంలో సగటున పది లక్షల దాకా ఉంటాయి, కానీ కొందరిలో రెండు లక్షలే, మరికొందరిలో ఇరవై లక్షలకు పైగా ఉంటాయి. ఇవి గర్భంలో తయారవుతూ ముప్పై ఆరో వారం నాటికి ఆగిపోతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో బయటికి వచ్చాక కొద్ది వారాలు మాత్రమే ఆ పని సాగుతుంది. ఆ తర్వాత జీవితాంతం ఒక్క నెఫ్రాన్ కూడా కొత్తగా పుట్టదు. పుట్టినప్పటి బరువు ఒక కిలో పెరిగితే ఒక్కో మూత్రపిండంలో సుమారు రెండున్నర లక్షల నెఫ్రాన్లు ఎక్కువగా ఉన్నట్టు ఒక అధ్యయనంలో తేలింది. 2003లో జర్మన్ వైద్యులు ప్రమాదాల్లో మరణించిన ఇరవై మంది మూత్రపిండాలను లెక్కించగా, రక్తపోటు ఉన్న పదిమందిలో నెఫ్రాన్లు రక్తపోటు లేనివారిలో ఉన్నవాటికి సగమే ఉన్నాయి. తక్కువ మందితో ఎక్కువ పని చేయించిన ఫ్యాక్టరీలాగా, ఉన్న కొద్ది నెఫ్రాన్లూ అధిక ఒత్తిడితో పనిచేసి ముందుగా అరిగిపోతాయి. డయాలిసిస్ కేంద్రాలు ఎన్ని పెంచినా, ఆ కొరత ఏర్పడిన చోటికి మనం చేరుకోలేం.

కొరత ఒక్కటే కీడు చేస్తుందనుకోకూడదు. గర్భిణికి చక్కెర వ్యాధి ఉంటే గర్భస్థ శిశువుకు చక్కెర మితిమీరి చేరుతుంది, ఆ బిడ్డకూ ముప్పు తప్పదు. అమెరికాలోని పీమా తెగలో ఒకే తల్లి పిల్లలను పోల్చి చూసినప్పుడు, తల్లికి మధుమేహం వచ్చాక పుట్టినవారిలో ఆ జబ్బు అంతకుముందు పుట్టిన తోబుట్టువుల కంటే ఎక్కువగా కనిపించింది. తల్లీతండ్రీ ఒకరే గనక దీన్ని వంశపారంపర్యం అని తోసిపుచ్చడానికి వీల్లేదు. బ్రిటన్‌లో చక్కెరపై యుద్ధకాలపు రేషన్ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. దానికి కాస్త ముందు, కాస్త తర్వాత పుట్టినవారిని పోల్చిన అధ్యయనం 2024లో వచ్చింది. గర్భంలోనూ తొలి ఏళ్లలోనూ రేషన్ కింద ఉన్నవారికి టైప్ 2 మధుమేహం ముప్పు దాదాపు 35 శాతం, రక్తపోటు ముప్పు దాదాపు 20 శాతం తక్కువ. ఆ రక్షణలో సుమారు మూడో వంతు గర్భంలో ఉన్న కాలానిదే. రేషన్ పెట్టిన అధికారులు మధుమేహం గురించి ఆలోచించి పెట్టలేదు, ఎత్తేసినవారూ ఆలోచించి ఎత్తేయలేదు.

ఇలాంటి సంగతులు బయటికి రాగానే జరిగే ఒక అన్యాయం గురించి ఇక్కడే చెప్పాలి. వెంటనే తల్లికి సుద్దులు మొదలవుతాయి. ఏం తిన్నావు, ఎందుకు విశ్రాంతి తీసుకోలేదు, ఎందుకు ముందే రాలేదు అని ఆమెను నిలదీస్తారు. ఆమె చేతిలో ఉన్నవి కొన్నే. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో టోల్ గేట్ల దగ్గర వాహనాలు ఆగకుండా వెళ్లే ఎలక్ట్రానిక్ వసూలు పద్ధతి వచ్చాక, ఆ గేట్లకు రెండు కిలోమీటర్ల లోపు ఉండే తల్లులలో నెలలు నిండని కాన్పులు దాదాపు 11 శాతం, తక్కువ బరువు జననాలు దాదాపు 12 శాతం తగ్గాయని 2011లో ప్రచురితమైన అధ్యయనం లెక్కగట్టింది. ఆ తల్లులకు ఎవరూ ఏ సలహా ఇవ్వలేదు, ఆసుపత్రిలో ఏ మందూ మారలేదు. బండ్లు ఆగి పొగ వదలడం తగ్గింది, అంతే. బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని నిషేధించిన చోట్ల కూడా నెలలు నిండని కాన్పులు పదో వంతు దాకా తగ్గాయి. గర్భిణి పీల్చే గాలి రవాణా శాఖ చేతిలో, ఆమె నిలబడి పనిచేసే గంటలు కార్మిక శాఖ చేతిలో, ఆమె తినే పిండిలో ఏం కలపాలన్నది ఆహార శాఖ చేతిలో ఉంటే, తప్పు మాత్రం ఆమె ఒక్కదానిదే ఎలా అవుతుంది?

పిండి సంగతి వచ్చింది గనక ఒక మాట. శిశువు వెన్నుపాముగా రూపొందే నాళం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ ముందునుంచీ తీసుకుంటే, ఆ నాళం సరిగా మూసుకోని లోపంతో ఒకసారి బిడ్డ పుట్టిన తల్లులకు మళ్లీ అది రావడం 72 శాతం తగ్గుతుందని 1991లోనే బ్రిటిష్ పరిశోధన రుజువు చేసింది. 1998లో అమెరికా పిండిలో దాన్ని కలపడం తప్పనిసరి చేసింది. గర్భిణి మొదటిసారి ఆసుపత్రికి వచ్చిన రోజు చేతిలో పెట్టే మాత్ర ఈ ఒక్క విషయంలో ఆలస్యమైన మాత్రే.

ఫలితం రావడానికి యాభై ఏళ్లు పడితే అయిదేళ్లకోసారి ప్రజల ముందుకు వెళ్లే ప్రభుత్వానికి దానివల్ల ఏం లాభం అని మీ సలహాదారులు అడగవచ్చు. ప్రశ్న సబబే. కానీ నెలలు నిండని కాన్పు ఒక్కటి తప్పితే, ఇంటెన్సివ్ కేర్ వార్డులో ఒక మంచం ఆ వారమే ఖాళీ అవుతుంది. దూరపు లాభానికి కూడా లెక్క ఉంది. గ్వాటెమాలాలో 1969, 1977 మధ్య కొన్ని గ్రామాల పిల్లలకు పోషక పానీయం ఇచ్చారు. తొలి రెండేళ్లలో దాన్ని తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు సంపాదించిన కూలి, అది దొరకని వారికంటే సగటున 46 శాతం ఎక్కువ. ప్రపంచం నడక మాత్రం నత్తనడకే. రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టేవారు 2000లో 16.6 శాతం ఉంటే, 2020 నాటికి 14.7 శాతానికి మాత్రమే తగ్గారు.

ఇక నేను కోరేది. పుట్టిన ప్రతి బిడ్డ బరువునూ మొదటి గంటలోనే, పది గ్రాముల తేడా చూపే కాటాపై తూచి, చూపిన అంకెను చూపినట్టే రాయించండి. ఇది చెప్పేంత చిన్న పని కాదు. ఏ కాన్పు గది రిజిస్టరు తెరిచినా బరువు గడిలో 2.5, 3.0 అన్న అంకెలే కుప్పపోసినట్టు కనిపిస్తాయి. 2,480 గ్రాముల బిడ్డను అలవాటుగా 2.5 అని రాసేస్తే, ఆ బిడ్డ తక్కువ బరువు లెక్కలోంచి ఆ క్షణానే జారిపోతుంది. బరువు పక్కన గర్భం ఎన్ని వారాలదో, తల్లికి చక్కెర, రక్తపోటు, రక్తహీనత ఉన్నాయో లేవో తప్పకుండా ఉండాలి. గర్భిణులు వాడిన థాలిడొమైడ్ అనే మందు వల్ల పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన ఘోరం తర్వాత నార్వే 1967లో దేశమంతటి జననాలకు వైద్య రిజిస్టరు మొదలుపెట్టి, వ్యక్తి గుర్తింపు సంఖ్యతో జతచేసింది. దానివల్లే అక్కడ ఒక తరం పుట్టుకను అదే తరం జబ్బులతో ముడిపెట్టి చూడగలుగుతున్నారు. ఆ సమాచారం బీమా కంపెనీలకూ ఉద్యోగమిచ్చేవారికీ చిక్కకుండా చట్టంలోనే కట్టుదిట్టం చేయాలి, ప్రతి మనిషికీ తన పుట్టుక వివరాల నకలు అడిగి తీసుకునే హక్కు ఇవ్వాలి. నలభై ఏళ్లకు రక్తపోటుతో వచ్చిన రోగిని తండ్రికి ఉందా, తల్లికి ఉందా అని అడిగే వైద్యుడు, నువ్వెంత బరువుతో పుట్టావు అని అడగడు. అడిగినా రోగి దగ్గర జవాబు ఉండదు.

అలాగే కొత్త రోడ్డుకో, ఫ్యాక్టరీకో, పని గంటల సవరణకో మంత్రివర్గం ముందుకు వచ్చే ప్రతి కాగితంలో, అది గర్భిణులపై ఏ ప్రభావం చూపుతుందో ఒక పేరా ఉండి తీరాలని మీరు పట్టుబట్టాలి. ఆ పేరా మొదట్లో మొక్కుబడిగానే రాస్తారు, నాకు తెలుసు. అయినా రాయవలసి వచ్చినవాడు ఒకసారైనా ఆలోచించక తప్పదు.

చట్టం రావడానికి సమయం పడుతుంది. ఈలోగా గడువు తీరిందన్న పేరుతో చాలా ఆసుపత్రుల్లో పాత కాన్పు రిజిస్టర్లను తగలబెట్టడమో, తూకానికి అమ్మేయడమో జరుగుతూనే ఉంటుంది. వాటిని నాశనం చేయవద్దని, ఉన్నచోటనే పొడి గదిలో భద్రపరచి ఏయే సంవత్సరాలవి మిగిలాయో మూడు నెలల్లో జాబితా పంపమని ఒక సర్క్యులర్ మీ సంతకంతో ఈ వారమే వెళ్లవచ్చు. దానికి శాసనసభ అనుమతి గానీ, ఆర్థిక శాఖ సమ్మతి గానీ అక్కర్లేదు. ఆ సర్క్యులర్ కోసం ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
నవజాత శిశు వైద్యుడు