డర్బన్‌లో దొరికిన మన ఊరి పేరు మన సర్కారు కచేరీలో దొరకదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మన జిల్లా పేజీలో మీరు వేసిన వార్త చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. దక్షిణాఫ్రికా నుంచి ముత్తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఏమీ తేలక గుడి ముందు ఫొటో దిగి వెళ్లిపోయిందట. దాన్ని ముచ్చటైన వార్తలా పెద్ద ఫొటోతో వేశారు. ముచ్చటపడాల్సిన వార్త కాదండీ అది, సిగ్గుతో తల దించుకోవాల్సిన వార్త.

వాళ్లు ఉత్త చేతులతో రాలేదు, ముత్తాతలు ఓడెక్కినప్పుడు రాసిన వివరాల కాగితం పట్టుకుని వచ్చారు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 342 మందితో నవంబరు 16న డర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్లు ఆగినా 1911 దాకా డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లు లక్షా 52 వేల పైచిలుకు. ఎక్కువమంది ఓడెక్కింది మద్రాసులోనే. వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంది. ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరికి ఒంటి మీద మచ్చలు కూడా రాసి ఉంటాయి. అలాగే మనవాళ్లు కూలికి వెళ్లిన మారిషస్‌లో మోకా ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కాలపు కూలీల ఫొటోలు సైతం ఉన్నాయి. తోటల దొరలూ సర్కారూ తమ లెక్కల కోసం రాసుకున్న కాగితాలే అవి. అయినా ఆ దేశాలు కళ్లలో పెట్టుకుని కాపాడుకుంటున్నాయి.

అంత భద్రంగా దాచిన కాగితం పట్టుకుని మన దగ్గరికి వస్తే ఏమవుతుంది? అందులో 'గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా' అని ఉంటుంది. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1936లో గంజాం ఒరిస్సాకు పోయినప్పుడు ఈ తాలూకా విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. ఈ సంగతి చెప్పే నాథుడు లేక పాపం ఆ వచ్చినవాళ్లు ఒరిస్సా గంజాంలోని బరంపురంలో వెతుకుతారు. మా పాలకొండ మనిషి అయితే విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. ఆ పాలకొండ తర్వాత శ్రీకాకుళం జిల్లాకు వచ్చింది, 2022 నుంచి పార్వతీపురం మన్యంలో ఉంది. 1985లో తాలూకాలే పోయి మండలాలు వచ్చాయి. చిత్తూరు వైపు వాళ్లకు ఇంకో తిప్పలు. 1911 దాకా అది నార్త్ ఆర్కాట్ కాబట్టి వెల్లూరు పోయి వెతుక్కోవాలి.

ఇంకో పెద్ద చిక్కు ఇంటిపేరు. మనకు మనిషిని పట్టుకోవాలంటే ఇంటిపేరే ఆధారం. ఓడ లెక్కల్లో దానికి గడే లేదు. అందుకే ఇవాళ డర్బన్‌లో అప్పలసామి అన్నది ఇంటిపేరుగా నిలిచిపోయింది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న మనిషి ఉత్తరాంధ్ర వాడని మనకు ఇట్టే తెలుస్తుంది, కానీ ఏ ఊరు, ఎవరి ఇల్లు అన్నది తేలాలంటే మన దగ్గరున్న రికార్డు తెరవాలి.

ఆ రికార్డు గతి చెబుతాను. మా తాతగారి భూమి విషయమై ఒక మండల కార్యాలయానికి వెళ్లాను. రికార్డు గది అంటే మెట్ల కింద కొట్టు. పాత డైగ్లాట్లు (భూముల సెటిల్‌మెంట్ రిజిస్టర్లు), అడంగళ్లు (సాగు లెక్కలు), జనన మరణాల రిజిస్టర్లు గుడ్డ మూటల్లో నేల మీద పడి ఉన్నాయి. ఒక మూట విప్పితే వాన నీటికి కాగితాలన్నీ అంటుకుపోయి అట్టముక్క అయ్యాయి. పక్క మూట సగం చెదలు తినేసింది. మిగిలిన పేజీల్లో ఊరి లెక్కలు రాసిన కరణం గారి గొలుసుకట్టు రాత, అంటే కలం ఎత్తకుండా అక్షరాలు కలిపి రాసే రాత, ముత్యాల్లా ఉంది, దాన్ని చదవగల ఉద్యోగి మాత్రం ఆఫీసు మొత్తంలో ఒక్కరూ లేరు. కొన్నాళ్లకు 'రికార్డు లభ్యం కాలేదు' అని ఎండార్స్‌మెంట్ చేతిలో పెట్టారు. వెతికితే కదా లభ్యం కావడానికి! 1984లో కరణీకాలు రద్దు చేశారు, మంచిదే. ఆ కరణాలు అప్పగించిన కాగితాల బాధ్యత ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. గయలో పండాలనే పురోహితులు తమ దగ్గరికి వచ్చిన యాత్రికుల పేర్లూ ఊళ్లూ తరతరాలుగా రాసి దాచుతున్నారు, వాళ్లకు సర్కారు జీతం లేదు. జీతాలు తీసుకుంటున్నవాళ్లకు ఆ మాత్రం పట్టింపు ఉండక్కర్లేదా?

డబ్బు లేదంటారు. 1922లో డబ్లిన్‌లో ఐర్లండ్ రికార్డు ఆఫీసు తగలబడి వందల ఏళ్ల దస్తావేజులు బూడిదయ్యాయి. సరిగ్గా నూరేళ్లకు వాళ్లు ఎక్కడెక్కడి నకళ్లో సేకరించి ఆన్‌లైన్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. కాలిపోయినవాటినే వాళ్లు కూడగట్టుకుంటుంటే మనం ఉన్నవాటిని చెదలకు వదిలేస్తున్నాం. కొత్త సర్వేలకు, కొత్త పాసు పుస్తకాలకు, వాటి మీద నాయకుల బొమ్మలకు మాత్రం ఏ ప్రభుత్వానికీ నిధుల కొరత రాలేదు.

కలెక్టరు గారు ఈ లేఖ చూస్తే వెంటనే చేయగల పనులున్నాయి. పాత జిల్లా, తాలూకా, ఊరి పేర్ల ఎదురుగా ఇప్పటి పేర్లు వేసిన పట్టిక జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టించండి. మండలాల్లో మూలుగుతున్న మూటలను ముందు పొడి చోటికి చేర్చి స్కాన్ చేయించండి. గొలుసుకట్టు చదవగల పెద్దలు ఊళ్లలో ఇంకా కొందరున్నారు, వయసు ఎనభై దాటినవాళ్లే ఎక్కువ. కుర్రవాళ్లకు నేర్పమని వాళ్లను ఈ ఏడే పిలవండి, వచ్చే ఏటికి వాయిదా వేయకండి. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు దారి చూపడానికి కలెక్టరేటులో ఒక మనిషిని, ఒక ఫోన్ నంబరును కేటాయించండి.

మీ పత్రిక కూడా ఆ కుటుంబం తెచ్చిన కాగితంలోని ఊరి పేరు, తండ్రి పేరు వాళ్ల అనుమతితో అచ్చు వేస్తే చుట్టుపక్కల ఊళ్లలో మేమే వెతుకుతాం.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాలకొండ