మావారి వైద్యాన్ని విశ్వాసానికి కొలతగా పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పీఎస్ఏ (ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్) రక్తపరీక్ష ఎందుకు చేస్తారు, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఎప్పుడు అవసరం అన్నవి చక్కగా చెప్పారు. అయితే రిపోర్టు చేతికొచ్చాక భార్యాభర్తలు ఇంట్లో కూర్చుని ఏ వైద్యం తీసుకోవాలో తేల్చుకోవడం గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. మేం క్రైస్తవులం. మావారికి ఈ జబ్బు బయటపడినప్పుడు వైద్యం లేదన్న బాధ మాకు లేదు, ఒకటికి మూడు వైద్యాలున్నాయి. వాటిలో ఏది తీసుకుంటామన్నా చుట్టూ ఉన్న విశ్వాసులు దానికొక ఆత్మీయ అర్థం అంటగట్టడమే మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టింది. దాని గురించి రాయాలనే ఈ ఉత్తరం.

మావారి బయాప్సీలో గ్లీసన్ స్కోరు 3+3, అంటే 6 వచ్చింది. జబ్బు ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె ఇది, ముక్కలో ఎక్కువగా కనబడిన రకానికి ఒక అంకె, దాని తర్వాతి రకానికి ఒక అంకె వేసి కలుపుతారు. ఇప్పుడిచ్చే రిపోర్టుల్లో ఈ స్కోరు 6 నుంచి 10 దాకా ఉంటుంది, 6 అంటే అన్నిటికంటే నెమ్మదిగా పెరిగే రకం. (ఎవరికైనా 7 వస్తే అది 3+4 నుంచి వచ్చిందా, 4+3 నుంచి వచ్చిందా అని తప్పకుండా అడగండి, మొత్తం ఒకటే అయినా రెండోది ఎక్కువ ప్రమాదకరం.) పీఎస్ఏ 10 లోపే ఉంది, జబ్బు గ్రంథి దాటి బయటికి రాలేదు. ఇలాంటివాళ్లకు డాక్టర్లు ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేయవచ్చంటారు, రేడియేషన్ ఇవ్వవచ్చంటారు, అసలు ఇప్పుడేమీ చేయకుండా రక్తపరీక్షలు, ఎమ్మారై, మళ్లీ బయాప్సీలతో కనిపెట్టి చూస్తూ జబ్బు ముదిరే సూచన కనబడగానే వైద్యం మొదలుపెట్టవచ్చని కూడా అంటారు. ఈ మూడోదాన్నే యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న, 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసు మగవాళ్లు 1,643 మందిని లాటరీ తీసినట్టు మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి రేడియేషన్, ఇంకో గుంపుకి పరిశీలన అని పెట్టారు. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ గుంపులో చూసినా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు దాదాపు 3 శాతమే. అయితే జబ్బు వేరే చోట్లకు పాకడం మాత్రం పరిశీలన గుంపులో 9 శాతం పైన ఉంది, మిగతా రెండు గుంపుల్లో 5 శాతం దగ్గర ఆగింది. పరిశీలనతో మొదలైనవాళ్లలో 61 శాతం మంది ఆ 15 ఏళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు. ఇక ఆపరేషన్ అయినవాళ్లలో 46 శాతం మంది ఆరు నెలలప్పటికి మూత్రం కారిపోవడం వల్ల ప్యాడ్లు వాడుతున్నారు, ఆరేళ్లకు కూడా 17 శాతం మంది వాడుతూనే ఉన్నారు, రేడియేషన్ గుంపులో అది 4 శాతం. దాంపత్య జీవితం మీద దెబ్బ కూడా ఆపరేషన్ గుంపులోనే ఎక్కువ. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో కొందరికి మలద్వారం దగ్గర ఇబ్బందులు వచ్చాయి. ఇవన్నీ మాకు డాక్టరు గారు కాగితం మీద రాసి చెప్పారు, ఆ ఓపికకు ఆయనకెప్పుడూ రుణపడి ఉంటాం.

ఇంత తెలిశాక కూడా మేమిద్దరం ఒక మాట మీదికి రాలేకపోయాం. నాకేమో ఆ గ్రంథి తీసి పారేస్తే చాలు, ఇక క్యాన్సర్ అనే మాట మా ఇంట్లో వినిపించదు అనిపించింది. మావారికి ఆపరేషన్ మాటెత్తితేనే ముఖం మారిపోయేది. ప్రార్థన చేసుకున్నాం, ఉపవాసం ఉన్నాం, పెద్దలు వచ్చి యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్నట్టు నూనె రాసి ప్రార్థించారు. అదంతా మాకు బలమిచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ ఎంత ప్రార్థించినా ఆపరేషనా రేడియేషనా అన్న జవాబు పైనుంచి ఊడిపడలేదు. కొందరు విశ్వాసులు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్నే దేవుని జవాబుగా తీసుకోమన్నారు. బైబిల్లో గిద్యోను ఉన్ని పరచి దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా అన్నారు. గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు ముందే చెప్పేశాడు, ధైర్యం చాలక గుర్తు అడిగాడు, అంతే. మాకు అలా ముందే చెప్పిన మాట ఏదీ లేదు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని లూకా 14లో ప్రభువు చెప్పిన మాటే మాకు ఎక్కువ పనికొచ్చింది. కూర్చుని లెక్క చూసుకోవడం కూడా విధేయతే అని నేను నమ్ముతున్నాను.

అందుకని ఇద్దరం విడివిడిగా ఒక కాగితం మీద మాకు దేనంటే అన్నిటికంటే భయమో రాసి మార్చుకున్నాం. నా కాగితంలో ఆయన లేకుండా మిగిలిపోవడం అని ఉంది. ఆయన కాగితంలో చావు గురించి ఒక్క మాట లేదు. ప్యాడ్ వేసుకుని సంఘంలో కూర్చోవడం, నాకు భర్తగా ఉండలేకపోవడం, ఈ రెండే రాశారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోటితో ఎప్పుడూ చెప్పని మాటలవి. చదివి చాలాసేపు ఏడ్చాను. రెండో సంగతి గురించి మన సంఘాల్లో ఎవరూ నోరు విప్పరు. భార్యాభర్తల పడక గురించి పౌలు 1 కొరింథీయులకు 7లో దాపరికం లేకుండా రాశాడు, అది బైబిల్లోనే ఉంది, అయినా ఈ జబ్బు వచ్చిన దంపతులు ఆ విషయాన్ని పాస్టరు గారి దగ్గర గానీ డాక్టరు దగ్గర గానీ ఎత్తడానికి సిగ్గుతో చచ్చిపోతారు. సిగ్గుపడి అడగకుండా వైద్యం చేయించుకుని, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక నలిగిపోయేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసమైనా ఇది బహిరంగంగా రాస్తున్నాను.

ఎవరి మాట చెల్లాలి అన్నదాని మీద కూడా మాకు సలహాలొచ్చాయి. భర్త శిరస్సు కాబట్టి ఆయన ఎలా చెబితే అలా అని ఒకరు, భర్త శరీరం మీద భార్యకు అధికారం ఉందని అదే 1 కొరింథీయులకు 7 చూపించి మరొకరు. నాకు అర్థమైనదేమిటంటే, కత్తి ఎవరి ఒంటి మీద పడుతుందో చివరి మాట వాళ్లదే, కానీ ఆ ఫలితంతో బతకాల్సింది ఇద్దరూ కాబట్టి చివరి మాట కంటే ముందు జరిగే మాటలన్నీ ఇద్దరివీ. ఆ మాటలు జరగకుండా మొగుడు ఒంటరిగా తేల్చేసినా తప్పే, పెళ్లాం ఏడ్చి ఒప్పించినా తప్పే. ఇక్కడ ఇంకొక్క సంగతి. ఆపరేషన్ చేసే డాక్టరునూ రేడియేషన్ ఇచ్చే డాక్టరునూ ఇద్దరినీ కలవండి, ఎవరికి ఏది చేతనవునో దాని వైపు మొగ్గడం మనిషికి సహజం. బయాప్సీ స్లైడ్లు ఇంకో పెథాలజిస్టుకు చూపించండి, స్కోరు చదవడంలో తేడాలు వస్తాయి. అనేకమంది ఆలోచన చెప్పేవాళ్లు ఉండటం క్షేమమని సామెతల గ్రంథమే అంటోంది, కాబట్టి రెండో డాక్టరును అడగడం దేవుడి మీద అనుమానమూ కాదు, మొదటి డాక్టరుకు అవమానమూ కాదు.

చివరికి యాక్టివ్ సర్వైలెన్స్‌కే ఒప్పుకున్నాం. ప్రొటెక్ట్ అధ్యయనం నాటి పరిశీలన కంటే ఇప్పటిది గట్టిది, ఎమ్మారైలు తోడయ్యాయి, మావారి స్కోరు కూడా తక్కువ. ఏ మార్పు కనబడితే వైద్యం మొదలుపెట్టాలో ముందే రాసుకున్నాం. ఒకవేళ ఆపరేషన్ చేయించుకుంటే, జబ్బు మళ్లీ వచ్చినప్పుడు రేడియేషన్ ఇవ్వడానికి వీలుంటుందనీ, ముందు రేడియేషన్ తీసుకున్నాక ఆపరేషన్ చేయడం కష్టమనీ తెలుసుకుని ఆ లెక్క కూడా వేసుకున్నాం.

అసలు బాధ ఇక్కడ మొదలైంది. మావారు ఆపరేషన్ వద్దనుకున్నారని తెలియగానే సంఘంలో కొందరు అది గొప్ప విశ్వాసం అన్నారు. డాక్టర్లను కాదని దేవుణ్ణి నమ్ముకున్నాడని, సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పమని వెంటపడ్డారు. మరికొందరు ఇంట్లో కూర్చుంటే దేవుడే చూసుకుంటాడనుకోవడం దేవుణ్ణి శోధించడమే, అంటే పరీక్షకు పెట్టడమే అని కోప్పడ్డారు. ఈ ఇద్దరికీ తెలియనిది ఒకటే, మేము ఎంచుకున్నది డాక్టర్లు చెప్పిన వైద్యమే. బయటినుంచి చూస్తే కనిపెట్టి చూడటం, వైద్యం మానేయడం రెండూ ఒకలాగే కనబడతాయి, ఒక మనిషి ఆపరేషన్ లేకుండా తిరుగుతున్నాడు, అంతే. లోపల మాత్రం ఒకదానికి తేదీలున్నాయి, పరీక్షలున్నాయి, దాటకూడని గీతలున్నాయి. రెండోదానికి అవేవీ లేవు.

మావారు సాక్ష్యానికి లేచి నిలబడి సరిగ్గా ఈ మాటే చెప్పారు, ఇది అద్భుతం కాదు, నేను డాక్టరు చేతిలోనే ఉన్నాను, ఆ డాక్టరు దేవుడి చేతిలో ఉన్నాడు అని. కొందరికి నచ్చలేదు. అయినా చెప్పడం ఎంత అవసరమో ఆలోచించండి. ఆ వరుసల్లో రొమ్ములో గడ్డతో కూర్చున్న చెల్లెలు ఉండవచ్చు, పేగు క్యాన్సర్ ఉన్న అన్న ఉండవచ్చు. ఫలానా బ్రదర్ ఆపరేషన్ లేకుండా ప్రార్థనతోనే బాగున్నాడు అని వినిపిస్తే వాళ్లు ఏం చేస్తారు? వాళ్ల జబ్బు మావారి జబ్బులా ఆగదు. వైద్యంతో నయమయ్యే దశలో ఉండి, మామూలు వైద్యం మానేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్నవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. వైద్యం తీసుకున్నవాళ్లతో పోలిస్తే వాళ్లలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయితే అయిదు రెట్లకు పైనే. ఒక్క సాక్ష్యం ఆ చెల్లెలి కీమోను ఆపేయగలదు. ఆ పాపం ఎవరు మోస్తారు?

వైద్యం వద్దనేవాళ్లు ఆసా రాజును చూపిస్తారు. 2 దినవృత్తాంతములు 16లో ఆయన జబ్బుపడి యెహోవాను వెదకక వైద్యులను వెదికాడని ఉంది నిజమే. తప్పు మొదటి సగంలో ఉంది, దేవుణ్ణి వెదకకపోవడంలో. జబ్బుపడి చావుకు దగ్గరైన హిజ్కియా రాజును చూడండి. బాగవుతావు, ఇంకో 15 ఏళ్లు బతుకుతావు అని దేవుడే మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు, అది 2 రాజులు 20లో ఉంది. మాట ఇచ్చిన దేవుడికి ఆ ముద్ద అడ్డం రాలేదు. రోగులకే వైద్యుడు కావాలన్నది ప్రభువు నోటి మాటే. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే. ఇంకా ఏం కావాలి?

ఇదే ఒత్తిడి జబ్బు ముదిరినవాళ్ల మీద అటు తిప్పి పడుతుంది. నయం కాదని డాక్టరు చెప్పాక, ఇక కీమో ఆపుదాం, నొప్పి లేకుండా ఉంటే చాలు అని దంపతులు అనుకుంటే విశ్వాసం సన్నగిల్లిందంటారు. ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లలో మతవిశ్వాసం మీద ఎక్కువ ఆనుకున్నవాళ్లే చివరి వారంలో వెంటిలేటర్ లాంటి కఠినమైన వైద్యం ఎక్కువగా తీసుకున్నారని 2009లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. పరలోకం ఉందని నమ్మేవాళ్లం ఇలా ఎందుకు చేస్తున్నామో సంఘాలు ఆలోచించాలి. నొప్పి తగ్గించే వైద్యం అంటే చేతులెత్తేయడం కాదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మామూలు వైద్యంతో పాటు మొదటినుంచీ పాలియేటివ్ కేర్ (నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం) ఇచ్చిన అధ్యయనం 2010లో వచ్చింది, వాళ్లు మిగతావాళ్ల కంటే తక్కువ దిగులుతో బతకడమే కాదు, రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా. తన శరీరంలో ముల్లులా బాధపెట్టేదాన్ని తీసేయమని పౌలు దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తీయలేదు. ఆయనకు విశ్వాసం చాల్లేదని ఎవరైనా అనగలరా?

సంఘ కాపరులకు నాదొక మనవి. క్యాన్సర్ వచ్చిన దంపతులు మీ దగ్గరికొస్తే ముందు డాక్టరు ఏం చెప్పారు అని అడగండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి, ఆ తర్వాత ప్రార్థించండి. ఏ వైద్యమో మీరు తేల్చకండి. ఈ జబ్బు ఎవరి పాపం, ఏ శాపం అని అసలే వెదకకండి, యోహాను 9లో పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అదే అడిగితే ప్రభువు కాదన్నాడు. వాళ్లకు మీరు చేయగలిగిన పెద్ద సాయం ఆస్పత్రికి తోడు వెళ్లడం. టెన్షన్‌లో డాక్టరు చెప్పింది సగం బుర్రకెక్కదు, పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి ఒకరుంటే ఎంతో మేలు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ప్రొస్టేట్ వైద్యాల తర్వాత మూత్రం కారడం గురించీ, దాంపత్యం గురించీ, వాటికి ఉన్న వ్యాయామాలూ మందుల గురించీ ఒక డాక్టరు చేత సిగ్గుపడకుండా వివరంగా రాయించండి. భార్యలు కూడా చదివేలా ఆడవాళ్ల పేజీలో వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు