మాట మధ్యలో విమానం వస్తే

తల్లిదండ్రులకు, పిల్లలను బడి గేటు దాకా తీసుకొచ్చే నానమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో మార్కుల గురించి, యూనిఫాం గురించి రాయడం లేదు. మన నెత్తిమీద రోజూ తిరిగే విమానాల గురించే రాస్తున్నాను. ఎందుకంటే మూడో తరగతి పిల్లల విషయంలో నేనొక పొరపాటు చేశాను. అది మీకు చెప్పాలి.

పోయిన నెల ఒక ఉదయం టీచరు ఆ తరగతికి లెక్కలు ఇస్తూ "జవాబులు నోటుపుస్తకంలోనే రాయండి, పాఠ్యపుస్తకంలో రాయకండి" అన్నారు. రెండో ముక్క సగంలో ఉండగా, వైమానిక దళం వాళ్ళు శిక్షణ ఇచ్చే హకీంపేట ఎయిర్‌ఫీల్డు వైపు నుంచి విమానం లేచింది. పావుగంట తర్వాత చూస్తే సగం మంది పిల్లలు పాఠ్యపుస్తకంలోనే రాసేశారు. టీచరు నా దగ్గరికి తెచ్చారు. నేను కోప్పడ్డాను. ఒక పాప కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని "మేడం, పాఠ్యపుస్తకంలో రాయ... అని వినబడింది. తర్వాత విమానమొచ్చింది" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ పాప విన్నది విన్నట్టే చేసింది. తప్పు వినేవాళ్ళది కాదు, వినబడిందో లేదో చూసుకోని మాది.

ఆలోచిస్తే మన భాషలో అసలు సంగతంతా వాక్యం చివరే ఉంటుంది. రాయండి, రాయకండి. వెళ్దాం, వెళ్ళొద్దు. వచ్చింది, రాలేదు. చేయాలా వద్దా అన్నది ఆఖరి అక్షరాల దాకా తేలదు. ఆ ఆఖరి రెండు అక్షరాల మీద మోత పడితే చెప్పిన మాట తలకిందులవుతుంది. పెద్దవాళ్ళం మనం సందర్భాన్ని బట్టి, టీచరు ముఖాన్ని బట్టి ఖాళీని పూరించుకుంటాం. ఏడెనిమిదేళ్ళ పిల్లకు అంత మాటల సంపద ఇంకా ఉండదు. తెలిసిన మాట సగం వినబడితే ఊహించుకుంటుంది. ఈరోజే మొదటిసారి వింటున్న మాటనైతే ఊహించలేదు. బడిలో మేం చెప్పేవన్నీ కొత్త మాటలే కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాఠం జరుగుతున్నప్పుడు తరగతి గదిలో బయటి చప్పుడు 35 డెసిబెల్స్ (చప్పుడును కొలిచే కొలత) దాటకూడదని ఉంది. మన గదుల్లో ఫ్యాను, పక్క గది ఎక్కాలు, రాజీవ్ రహదారి మీద లారీల హారన్లు, వీటికే అంతకు మించిపోతుంది. ఇక విమానం సంగతి చెప్పక్కర్లేదు. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదని ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతుంటాం. పది పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది, ఇరవై పెరిగితే వంద రెట్లు.

పెద్ద ప్రయాణికుల విమానం కంటే ఈ చిన్న విమానానికే ఎందుకింత మోత అని చాలామంది అడుగుతారు. హకీంపేటలో ఏళ్ళ తరబడి శిక్షణకు వాడిన కిరణ్ విమానాన్నే తీసుకోండి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ బెంగళూరులో తయారుచేసింది, 1964లో మొదటిసారి ఎగిరింది. దాని ఇంజను పాతకాలపు టర్బోజెట్. మంటల్లోంచి వచ్చే వేడి గాలినంతా సన్నటి గొట్టంలోంచి విపరీతమైన వేగంతో వెనక్కి తోస్తుంది. ఆ గాలి బయట నిలకడగా ఉన్న గాలిని చీల్చుకుంటూ సుడులు తిరుగుతుంది, మోతలో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది. ఈ కాలపు ప్రయాణికుల విమానాల ఇంజనుకు ముందు పెద్ద ఫ్యాను ఉంటుంది. అది ఎక్కువ గాలిని తక్కువ వేగంతో తోస్తుంది కాబట్టి అంత గర్జించదు. వేగం కొంచెం పెరిగినా మోత చాలా రెట్లు పెరగడం జెట్ లక్షణం. హకీంపేటలో హెలికాప్టర్ శిక్షణ కూడా ఉంది. ఆ దడదడ వేరు, కిటికీ రెక్కలు తెలుసుకుంటాయి.

ఒకే విమానం మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తుందన్నది ఇంకో ప్రశ్న. నేర్చుకునేవాళ్ళు లేవడం, చుట్టూ ఒక చక్రం తిరగడం, దిగీదిగగానే మళ్ళీ లేవడం అభ్యాసం చేస్తారు. సైకిల్ నేర్చుకునే పిల్లాడు గల్లీలో గుండ్రంగా తిరిగినట్టే. పొద్దుటి పూట గాలి నిలకడగా ఉంటుంది, ఎండ ముదరదు, అందుకని శిక్షణకు ఆ వేళ అనుకూలం. చలికాలం ఉదయాల్లో నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉండి, పైకి పోవాల్సిన చప్పుడు కిందికి వంగుతుంది. డిసెంబరులో మోత దగ్గరగా అనిపించేది అందుకే. సరిగ్గా అదే మన మొదటి రెండు పీరియడ్ల సమయం కూడా.

ఇది పిల్లల చదువుమీద నిజంగా పడుతుందా అంటే, పడుతుందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల దగ్గర 9, 10 ఏళ్ళ పిల్లలు 2,800 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2005లో అచ్చయింది. విమానాల చప్పుడు పెరిగేకొద్దీ చదివి అర్థం చేసుకునే శక్తి తగ్గుతున్నట్టు అందులో తేలింది. నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం జర్మనీలోని మ్యూనిక్ సంగతి. అక్కడ 1992లో పాత విమానాశ్రయం మూసి, ఊరికి దూరంగా కొత్తది తెరిచారు. పాత చోట పిల్లల చదువు, జ్ఞాపకశక్తి మళ్ళీ కోలుకున్నాయి. కొత్త చోట పిల్లలకు ఆ ఇబ్బందులు మొదలయ్యాయి. మొదటి సగం చదివి ఊపిరి పీల్చుకున్నాను, మోత తగ్గితే పిల్లలు తేరుకుంటారని. రెండో సగం చదివి, మన ఒకటో తరగతి గది రన్‌వే వైపే ఎందుకు పెట్టామా అనుకున్నాను.

కొందరు తల్లిదండ్రులు, ముఖ్యంగా కొత్త వెంచర్లలో ఇళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు, "అందరం సంతకాలు పెట్టి విమానాలు ఆపమని రాద్దాం" అన్నారు. ఒక తండ్రి బాధ నాకు గుర్తుంది. ప్లాటు చూపించడానికి ఆదివారం తీసుకొచ్చారట, ఆరోజు ఆకాశం నిశ్శబ్దంగా ఉందట. ఆయన కోపం న్యాయమైనదే. అయినా ఆ ఉత్తరం మీద నేను సంతకం పెట్టను. ఆ ఎయిర్‌ఫీల్డు మన బడి కంటే, మన కాలనీల కంటే ముందు నుంచీ ఉంది. అక్కడ నేర్చుకునేవాళ్ళూ ఎవరి పిల్లలో. వాళ్ళు ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి. మోత ఆపడం మన చేతిలో లేదు. దాని కింద ఒక్క మాట కూడా పోకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. ఆ పనిలో ఇంతకాలం ఆలస్యం చేశాం.

అందుకని బడిలో కొన్ని మార్చాం. విమానం వినబడగానే టీచరు అరచెయ్యి ఎత్తుతారు, మాట ఆపేస్తారు. మోత పోయాక ఆగిన చోటు నుంచి కాదు, వాక్యం మొదటి నుంచి మళ్ళీ చెబుతారు. చెప్పడానికి చిన్న సంగతే. పాతికేళ్ళు గొంతు పెంచి పాఠం చెప్పిన మాకు ఆగడం నేర్చుకోవడం కష్టంగానే ఉంది. గొంతు పెంచితే ముందు బెంచీ పిల్లలకు అరుపు వినబడుతుంది, వెనక బెంచీకి ఏమీ వినబడదు, సాయంత్రానికి టీచరుకు గొంతు ఉండదు. మైకు పెట్టమన్నారు కొందరు. మోత మీద ఇంకో మోత వద్దని నేనే ఒప్పుకోలేదు.

డిక్టేషన్ మొదటి పీరియడ్ నుంచి మధ్యాహ్న భోజనం తర్వాతకు జరిపాం. "గడ", "గడ్డ", "పట", "పాట" తేడా వినబడని వేళ రాయించి ఎర్ర సిరా పెట్టడం అన్యాయం. ఇంటిపని నోటితో చెప్పి ఊరుకోకుండా బోర్డు మీద రాస్తున్నాం. ఒకటో తరగతిని రన్‌వే వైపు గదిలోంచి వెనక వేపచెట్టు పక్క గదిలోకి మార్చాం. చెట్టు చప్పుడును ఆపదు, కానీ ఆ గదికి మధ్యలో రెండు గోడలు అడ్డమున్నాయి. కిటికీలు మూస్తే మోత బాగా తగ్గుతుంది, కానీ మార్చి ఎండల్లో మూయలేం. రేకుల గది మాత్రం పెద్ద సమస్య, రేకు తానే ఒక డప్పులా మోగుతుంది. దానికి లోపల సీలింగు వేయించే పని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ముందు పెట్టాను. కమిటీలో ఉన్న తల్లులు తప్పకుండా మాట్లాడండి.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఉంది. పిల్ల మీ మాట వినలేదనిపిస్తే వెంటనే "చెవిటిదానా" అనకండి. దగ్గరికి వెళ్ళి, ముఖం చూస్తూ, మళ్ళీ ఒకసారి చెప్పండి. టీవీ విమానాన్ని మించి వినబడాలని శబ్దం పెంచితే, విమానం పోయాక తగ్గించడం ఎవరికీ గుర్తుండదు. పడుకునే ముందు పది నిమిషాలు, ఇంట్లో అన్నీ కట్టేసి, పిల్లల చేత ఒక పేజీ పైకి చదివించుకోండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, వినండి చాలు. పగలు జారిపోయిన మాటలు ఆ వేళ దొరుకుతాయి.

పిలిస్తే పలకకపోవడం, ప్రతిదానికీ "ఆఁ?" అనడం, విమానాలు లేని ఆదివారం కూడా అలాగే ఉంటే అది మోత వల్ల కాదు. చెవిలో చీము, జలుబు చేసి చెవి మూసుకుపోవడం మన పిల్లల్లో చాలా ఎక్కువ. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు వినికిడి కూడా చూస్తారు, ఖర్చేమీ లేదు. ముందుగా నాకు చెబితే ఆ పిల్లల పేర్లు రాసి ఉంచుతాను.

చిన్నపిల్లల భయం గురించి కూడా చెప్పాలి. 2025 మే నెలలో దేశమంతా యుద్ధం మాటలే ఉన్నాయి. హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ కూడా చేశారు. సెలవుల తర్వాత జూన్‌లో వచ్చిన ఒకటో తరగతి పిల్లలు కొందరు విమానం వినగానే బెంచీ కిందికి దూరారు. ఇతర రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాల పిల్లలు మరీ బెదిరారు. దయచేసి "అల్లరి చేస్తే విమానం ఎత్తుకుపోతుంది" అని అన్నం తినిపించకండి. దాని బదులు లెక్కపెట్టడం నేర్పండి. మోత మొదలవగానే ఒకటి, రెండు, మూడు... మోత పోయేదాకా. లెక్క ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగుతుందని తెలిసిన పిల్ల ఏడవదు. మా ఒకటో తరగతి వాళ్ళకు ఇరవై దాటి అంకెలు వచ్చింది ఇలాగే.

పెద్ద తరగతుల పిల్లలు "మేడం, మనమీద పడుతుందా?" అని అడుగుతారు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర రావెల్లిలో దుండిగల్ వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానం కూలి, నేర్పే అధికారి, నేర్చుకునే కుర్రవాడు ఇద్దరూ చనిపోయారు. పిల్లలకు ఆ సంగతి తెలుసు, ఫోన్లలో చూశారు. పడనే పడదని నేను అబద్ధం చెప్పలేదు. ఇలాంటివి చాలా అరుదని, ఆ ఇద్దరిని తలచుకుని ఒక నిమిషం నిలబడదామని చెప్పాను. నిలబడ్డారు. ఆ నిమిషం తరగతిలో ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను.

ఇదే ఆకాశం మాకు పాఠం కూడా అయింది. ఎనిమిదో తరగతిలో ధ్వని పాఠం వచ్చినప్పుడు పిల్లలను బయటికి తీసుకెళ్ళాం. చప్పుడు వస్తున్న చోట విమానం లేదు, చాలా ముందుకు పోయి ఉంది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు నడిచి మన చెవికి చేరేలోపు అది వెళ్ళిపోతుంది కదా. పుస్తకంలో రెండు రోజులు పట్టేది అక్కడ రెండు నిమిషాల్లో అర్థమైంది.

ఏడో తరగతి అమ్మాయి ఒకరు అడిగారు, "వాటిని అమ్మాయిలు నడుపుతారా?" అని. మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న దుండిగల్‌లో అధికారులుగా చేరారు. అంతకుముందు కిరణ్ విమానాల మీద శిక్షణ పొందింది ఈ హకీంపేటలోనే. అంటే ఆ రోజుల్లో మన బడి మీదుగా వెళ్ళిన మోతల్లో కొన్ని వాళ్ళవి కావచ్చు. ఇది చెప్పాక ఆ అమ్మాయి మధ్యాహ్నమంతా కిటికీ పక్కనే కూర్చుంది. ఆరోజు ఆమెను నేను ఏమీ అనలేదు.

ఇంకొక్క విన్నపం. కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు, పెళ్ళిళ్ళ ఎంగిలాకులు ఖాళీ ప్లాట్లలో పారేయకండి. వాటికోసం గద్దలు, కాకులు చేరతాయి. పక్షి ఇంజనులోకి పోతే అది ప్రాణాల మీదికి వస్తుంది. సంక్రాంతికి పతంగులు ఎయిర్‌ఫీల్డు గోడకు దూరంగా, మన బడి మైదానంలోనే ఎగరేయనివ్వండి, గేటు తెరిచి ఉంచుతాను.

వచ్చే మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఈసారి పొద్దున 10 గంటలకే పెడుతున్నాను. అరగంట మీ పిల్లల బెంచీల మీద కూర్చోండి, చివరి వరసలో. నేను ఒక పాఠం చెబుతాను. మీకు ఏ మాటలు వినబడలేదో కాగితం మీద రాసి ఇవ్వండి. రాయడం రానివాళ్ళకు పక్కన వాళ్ళ పాపో బాబో కూర్చుని రాసిపెడతారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు