సఖినేటిపల్లి ఇస్త్రీ బండి బాబాయిగారికి ధన్యవాదాలు

రెండు రాత్రులుగా నిద్ర లేదండి. పడుకుని లేస్తే ఇలా రాయలేనేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది నరసాపురం పక్క పల్లె. మా వీధి ఆడవాళ్ళు లేసు అల్లుతారు, నేను మూట కట్టుకుని అమ్ముకొస్తాను. రోహిణి కార్తె ఎండలకి బేరాలుండవు, పెళ్ళి ఆర్డర్లే దిక్కు. ఈసారి మలికిపురం పెళ్ళివారు చుట్టాలకి పంచడానికి 60 టీపాయ్ క్లాత్‌లు అడిగారు.

మంగళవారం సాయంత్రం పంటు (మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పడవ) ఎక్కేదాకా ఆకు కదల్లేదు. వశిష్ఠ గోదావరి మధ్యకి వచ్చేసరికి గాలివాన. సఖినేటిపల్లి రేవులో దిగుతుంటే ఒక బండి జారి నాకు తగిలింది, మూట బురదలో పడింది. తెల్లారితే అప్పజెప్పాలి. గట్టు మీదే కూలబడి ఏడ్చేశాను.

అక్కడ ఇస్త్రీ బండి బాబాయిగారు బండి మీద పట్టా కప్పుకుంటున్నారు. నేనెవరో తెలీదు. మూట విప్పి చూసి, "లేసా? ఇటియ్యమ్మా" అన్నారు. ఇంటికి తీసుకెళ్తే వాళ్ళావిడ కుంకుడు రసంలో రెండుసార్లు ఉతికి, అన్నం వార్చిన గంజి పెట్టారు. కరెంటు లేదు. ఆయనది బొగ్గుల పెట్టె కాబట్టి సరిపోయింది. కొబ్బరి చిప్పల బొగ్గులు రాజేసి, తువ్వాలు నాలుగు మడతలు వేసి, తడి ఆరకముందే ఒక్కొక్కటీ బోర్లా పరిచి ఇస్త్రీ చేశారు. "పైనుంచి రుద్దితే పువ్వు చచ్చిపోద్దమ్మా" అన్నారు. వాళ్ళమ్మగారు కూడా లేసు అల్లేవారట. అంచులు వేలితో లాగి సరిచేస్తూ తెల్లవారుజాము మూడు దాకా నిలబడే ఉన్నారు, నేను సెల్ లైటు పట్టుకున్నాను. డబ్బులిస్తే వంద తీసుకుని, "బొగ్గులకి" అన్నారు. ఆ మాటకి మళ్ళీ ఏడుపొచ్చింది నాకు.

రెండు మాత్రం పాడైపోయాయి, పంటు ఆయిల్ పట్టేసింది. 58 ఇచ్చాను. పెళ్ళివారు పెద్దమనసుతో సర్దుకున్నారు.

మా ఆయన, అత్తయ్య ఇల్లూ పిల్లలూ చూసుకున్నారు. వాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పేదేముంది!

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మా లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ముద్ర, వచ్చింది, సంతోషమే. అల్లినామెకి ముక్కకి వచ్చే కూలి మాత్రం మారలేదు. నా గుర్తింపు కార్డు కోసం రెండేళ్ళుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. వెళ్ళినప్పుడల్లా సర్వర్ లేదు, సార్ లేరు. రేవు మీద వంతెన అని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను, మా పాప కూడా వింటోంది. అది ఉంటే ఈ మూట బురదలో పడేదే కాదు కదా. లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి, ఆటో ఖర్చుకే లాభం పోద్ది. సరే, వదిలేయండి.

బాబాయిగారు పేరు రాయొద్దన్నారు. ఆ రేవు దాటేవాళ్ళు మీ బట్టలు ఆయనకే ఇవ్వండి.

అయ్యో, మర్చిపోయాను. మూటని నీళ్ళలోకి జారకుండా కాలితో ఆపిన పంటు కుర్రాడికి, పొద్దున్నే మలికిపురం దాకా దింపి కిరాయి తర్వాత ఇవ్వమన్న ఆటో తమ్ముడికి, వెలిసిపోయిన నాలుగింటిని రాత్రికి రాత్రి తన ఇంట్లోవి ఇచ్చి మార్చిన... కాదు కాదు, అది పోయిన ఏడాది సంగతి. బుర్ర పనిచేయట్లేదు. తడిసిపోయి వణుకుతుంటే పొడి చీర ఇచ్చిన టీ కొట్టు పిన్నిగారికి కూడా ధన్యవాదాలు. పిన్నిగారూ, మీ చీర నా దగ్గరే ఉంది. ఉతికాను. శుక్రవారం తెచ్చిస్తాను.