కాలనీ గ్రంథాలయ సంఘం, హనుమకొండ – వార్షిక నివేదిక: ఏ ఒంటికైనా చోటు

సభ్యులకు నమస్కారాలు.

ఈ ఏడు సంఘం పని చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగింది. లావుగా ఉన్నవాళ్లు గ్రంథాలయానికి రావాలన్నా, వచ్చినాక గంటసేపు నిమ్మళంగా కూర్చుని చదువుకోవాలన్నా ఏం మారాలి? ఉపన్యాసాలకంటే ముందు కుర్చీలు మారాలని కార్యవర్గం అనుకుంది. కూర్చునే జాగా లేనిచోట "అందరికీ స్వాగతం" అన్న బోర్డు ఉన్నా లేనట్టే. జమాఖర్చులు, పత్రికల చందాల వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి.

చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కొందరికి తొడలు ఒరుసుకుపోతాయి. లేవబోతే కుర్చీ కూడా ఒంటితోపాటు లేస్తుంది. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్లు పక్కలకు జారి, కాలు మొదట్లో చీలుతుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న కుర్చీ మరీ పెళుసు. అలా ఒకసారి నలుగురిలో పడ్డ మనిషి మళ్లీ గడప తొక్కడు. అందుకే చదువుకునే గదిలో చేతుల్లేని బల్లలు వేయించాం. కొలతలు అడుగుతున్న మిగతా కాలనీల వారికోసం: ఎత్తు 18 అంగుళాలు, లోతు 20, పొడవు 5 అడుగులు, చెక్క మందం అంగుళంన్నర, వెనక ఆనుకునే పలక. నడుమ మూడో జత కాళ్లు తప్పనిసరి. అవి లేకుంటే చెక్క మధ్యలో వంగుతుంది, కీళ్లు వదులవుతాయి. వడ్రంగులు చెక్క మిగులుతుందని వద్దంటారు, వినొద్దు. బల్ల ఇద్దరికే, ముగ్గురిని ఇరికించొద్దు. మోకాళ్లు సహకరించనివాళ్లు పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కడ్డీ బిగించాం. బీరువాల నడుమ దారి ఎక్కడా 3 అడుగులకు తగ్గదు.

పిల్లల కథల పూట కొత్తవాడ జంపఖానాలు పరుస్తాం (2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన మన వరంగల్ జంపఖానాలే). కింద కూర్చోలేని పిల్లలకు, అమ్మమ్మలకు బల్ల వేస్తాం, కానీ వెనక గోడకు కాదు, జంపఖానా అంచున మొదటి వరుసలోనే. వెనక వేస్తే వాళ్లు చూడడానికి వచ్చినవాళ్లవుతారు, కథలో ఉండరు.

కథలు ఎంచేటప్పుడు లావుగా ఉన్న పాత్ర ఏం చేస్తోందో చూస్తున్నాం. ఎప్పుడూ తింటూనే ఉందా? పడిపోతే నవ్వించడానికే ఉందా? చివర్లో సన్నబడితేనే దానికి మంచి జరుగుతుందా? అలాంటి పాత పుస్తకాలను తీసేయలేదు. చదివి, ఆ చోట ఆగి, పిల్లలనే అడుగుతున్నాం. బొజ్జ గణపయ్యకు ఉండ్రాళ్లు పెట్టి మొక్కే చేతులే పక్కింటి పిల్లగాని బొజ్జను ఎందుకు గిచ్చుతాయన్న ప్రశ్నకు పెద్దలకంటే పిల్లలే సూటిగా జవాబిస్తారు.

బీరువా కూడా మాట్లాడుతుంది. దేహం, వివక్ష గురించి రాసిన పుస్తకాన్ని డ్యూయీ వర్గీకరణలో, అంటే పుస్తకాలను అంశాలవారీగా అంకెలేసి సర్దే పద్ధతిలో, 613.2 దగ్గర సర్దితే అది ఆహార నియమాల, బరువు తగ్గించే పుస్తకాల మధ్య ఇరుక్కుంటుంది. వెతికేవాళ్లకు దొరకదు. వివక్ష గురించిన పుస్తకాలను 306.4కు, అంటే సంస్కృతి అంశాలకు, మార్చాం. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అని మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రం చేసి పెట్టారు కదా.

"మనిషే పుస్తకం" కార్యక్రమం 2000లో డెన్మార్క్‌లో మొదలైన పద్ధతి. లావుగా ఉన్న సభ్యులు, బాగా బక్కగా ఉన్న సభ్యులు "పుస్తకాలు"గా కూర్చుని తమ అనుభవాలు చెప్తారు. ఒక్కొక్కరి దగ్గర నలుగురికి మించకుండా పాఠకులు, 20 నిమిషాలు. నచ్చని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు, ఫొటోలు వద్దు. ఇది చెడేది తిట్లతో కాదు, ప్రేమతో! "మీ అమ్మలాంటిదాన్ని కాబట్టి చెప్తున్న, మెంతులు నానబెట్టుకుని తాగు బిడ్డా", "పొద్దుగాల భద్రకాళి బండ్ మీద నాలుగు రౌండ్లు కొట్టు తమ్మీ" అని మొదలవుతుంది. అడగని సలహా వచ్చిందంటే గంట మోగుతుంది, పాఠకులు బల్ల మారాలి. "ఇంత లావున్నా ఎంత చలాకీనో" అన్న మెచ్చుకోలుకూ అదే గంట.

గోడ ప్రదర్శనలో లావుగా ఉన్నవాళ్ల హక్కుల ఉద్యమం పుట్టిన దారి పెట్టాం. 1967 జూన్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో సుమారు 500 మంది గుమిగూడి డైట్ పుస్తకాలు తగలబెట్టారు. పుస్తకాలు కాల్చిన ముచ్చట గ్రంథాలయం గోడ మీదా అని కొందరు నవ్వారు. జరిగింది జరిగినట్టే రాశాం. 1969లో అక్కడ లావుగా ఉన్నవాళ్ల హక్కుల సంఘం ఏర్పడింది. మన కాకతీయ విశ్వవిద్యాలయం మొదలైన 1976లోనే అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం బరువును బట్టి ఉద్యోగంలో వివక్ష చూపొద్దని చట్టం చేసింది. న్యూయార్క్ నగరం 2023లో చేసింది.

ఎత్తును, బరువును కలిపి వేసే బీఎంఐ లెక్కకూ ఒక పలక కేటాయించాం. ఈ సూత్రం 1830లలో బెల్జియం గణాంకవేత్త కెటెలే జనసమూహాల సగటు కోసం వేసింది. దానికి ఆ పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టాడు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉంటే 27.3 వస్తుంది. 30 దాటితేనే ఊబకాయమనే అంతర్జాతీయ కొలతలో అది అధిక బరువు మాత్రమే, 25 దగ్గరే గీత గీసిన భారతీయ కొలతలో ఊబకాయం. ఒక్క అంకె చూసి ఎవరి ఆరోగ్యమూ చెప్పలేమనడానికి ఈ లెక్క చాలు.

ఇది రోగాలను వెనకేసుకు రావడమేనని ఇద్దరు ముగ్గురు సభ్యులు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. బరువుకూ షుగరుకూ సంబంధం లేదని సంఘం ఎక్కడా అనలేదు. ఆస్పత్రిలో వెక్కిరింపు ఎదురైనవాళ్లు రోగం ముదిరేదాకా మళ్లీ అటు వెళ్లరు, మా బాధ అది. అందుకే బీపీ శిబిరంలో మార్పులు చేశాం. మోచేయికీ భుజానికీ నడుమ చుట్టుకొలత 27–34 సెంటీమీటర్లుంటే మామూలు కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ), 35–44 ఉంటే పెద్ద కఫ్. లావు చేతికి చిన్న కఫ్ చుడితే ఒత్తిడి రక్తనాళం మీద సరిగా పడదు, బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అక్కర్లేని మాత్రలు మొదలవుతాయి. బరువు తూచడం తెర వెనక, అదీ ఒప్పుకుంటేనే. అంకెను గట్టిగా చదవరు.

బతుకమ్మ సాయంత్రం గ్రూప్ ఫొటోలో లావుగా ఉన్నవాళ్లను వెనక్కి తోసే అలవాటుంది కాబట్టి, ఫొటోగ్రాఫరుకు ముందే చెప్పి ఎత్తును బట్టి వరుసలు నిలబెట్టించాం.

వచ్చే ఏడుకు మూడు పనులు మిగిలాయి: మరో పెద్ద కఫ్, బాత్‌రూములో పట్టుకునే కడ్డీ, పై గదిలోని పుస్తకాలను కిందికి దించడం. చివరిదానికి పత్రికల గది ఖాళీ చేయాలి. దానిమీద సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది.

– కార్యవర్గం