లాకుల మీద చెప్పిన సినిమా

రేపల్లె,
11 మే 2025, ఆదివారం రాత్రి

ఒరే బావా,

ఎట్లా ఉన్నావు? చెల్లాయి, పిల్లలు కులాసానా? ఇక్కడ ఎండలు మాడ్చేస్తున్నాయి. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే చొక్కా ఒంటికి అంటుకుపోతోంది. అత్తయ్య మోకాళ్ల నొప్పులు కాస్త నయం. మొన్న ఊళ్లోకి వెళ్తే ముంజలు కొట్టించి పెట్టింది. "వాడికీ ఇష్టంరా" అని రెండుసార్లు అంది.

"చేత్తో రాసిన ఉత్తరం చూసి ఎన్నేళ్లయిందో, ఒకటి రాయరా" అని సంక్రాంతప్పుడు అడిగావు. అప్పటినుంచీ రేపూ మాపూ అంటూ నెట్టుకొచ్చాను. ఇవాళ మాత్రం రాయకుండా పడుకోలేను. నీ కోడలు ఒక మాట అడిగింది. దానికి జవాబు నీ దగ్గరే ఉంది.

నిన్న దాన్ని విజయవాడ తీసుకెళ్లి జగదేకవీరుడు అతిలోకసుందరి చూపించాను. మొన్న శుక్రవారం, మే 9న, మళ్లీ విడుదల చేశారు. ముప్పై అయిదేళ్ల కిందట, 1990లో విడుదలైందీ సరిగ్గా అదే తారీఖున. చిరంజీవి వచ్చినప్పుడు హాలంతా ఈలలే ఈలలు. శ్రీదేవి తెరమీదకి రాగానే నా పక్క సీట్లో ఉన్న పెద్దావిడ "అయ్యో తల్లీ" అంది. శ్రీదేవి పోయి ఏడేళ్లు దాటింది కదరా. ఆ మాటకి నాకూ గొంతు పట్టేసింది.

మనకి ఆ తారీఖు సినిమా వల్ల గుర్తుండేది కాదు. తుఫాను వల్ల. నాలుగో తరగతి పరీక్షలయ్యాయి, సెలవులు. రోజూ సాయంత్రం మైకు కట్టుకుని ఊళ్లోకి వచ్చే సినిమా రిక్షా ఆవేళ పొద్దున్నే వచ్చింది. "నేడే చూడండి" అనే గొంతు "తుఫాను వస్తోంది, ఇళ్లు ఖాళీ చేయండి, బడి దగ్గరికి రండి" అని అరుస్తూ వీధి వీధీ తిరిగింది. మొదట కొత్త సినిమా అనుకుని మనిద్దరం వెంట పరిగెత్తాం. గుర్తుందా? రంగు కాగితాల కోసం చేతులు చాపితే ఆయన బండి ఆపి, "పొండి నాయనా, మీ నాయనమ్మల్ని తీసుకుని పొండి" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు ఎందుకో అప్పుడు తెలియలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన చూసినవాడు. దివిసీమలోనూ మన వైపు సముద్రపొడ్డు ఊళ్లలోనూ వేలమందిని మింగిన ఉప్పెన.

ఆ రాత్రి బడిలో తలుపు సందులోంచి గాలి ఊళ పెడుతుంటే మనం బెంచీల కింద పడుకున్నాం. మీ నాన్న మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అత్తయ్య మెల్లగా మా అమ్మతో అంటుంటే విన్నాను: "ఆయనకి ఆ రాత్రి గుర్తొస్తోంది వదినా. మామయ్యగారు గేదెల పలుపులు విప్పొస్తానని వెళ్లి ఇంక రాలేదు." మీ తాత సంగతి నేను మొదటిసారి విన్నది అప్పుడే.

ఆ సినిమా మన టూరింగు టాకీసుకి వచ్చేసరికి వానాకాలం నడుస్తోంది. తుఫానుకి డేరా చిరిగిపోతే కొత్త గుడ్డ వేశారు. నేల టిక్కెట్టులో కూర్చునేవాళ్లం. ముందు పొడుగు మనిషి కూర్చుంటే మనకి అతని తల తప్ప ఏమీ కనపడదు. ఇసకంతా రెండు చేతులా దగ్గరికి లాక్కుని కుప్ప చేసి, దాని మీద ఎక్కి కూర్చోవడం నువ్వే నేర్పావు. లోపల ఇసక కాస్త తడిగా, చల్లగా ఉండేది. ఘంటసాల గొంతు "నమో వెంకటేశా" అని మొదలుపెడితే చాలు, గుండె దడదడలాడేది. ఇప్పటికీ గుళ్లో ఆ పాట వినపడితే ఆట మొదలవుతుందేమో అన్నట్టుంటుంది నాకు. ఒకే ప్రింటు మన ఊరికీ పక్క ఊరికీ కాబట్టి అక్కడ తిప్పేసిన రీళ్లు పెట్టెలో పెట్టుకుని ఒక అబ్బాయి సైకిలు మీద తెచ్చేవాడు. సైకిలు ఆలస్యమైతే తెర తెల్లగా ఉండిపోయేది. ఇంద్రజ, అదే శ్రీదేవి, ఉంగరం పోగొట్టుకున్నాక వచ్చే రీలు కోసం అరగంట కూర్చున్నాం ఆవేళ. ఇంటికొచ్చి తాటాకుతో ఉంగరాలు చేసుకుని, అది వేలికుంటే ఎవరికీ కనపడమని ఆడుకున్నాం. సినిమాలో ఆ ఉంగరానికి అలాంటి శక్తి ఉందో లేదో కూడా పట్టించుకోలేదు.

రీలు తెగినప్పుడు ఆపరేటరు కత్తిరించి పారేసిన ముక్కల కోసం మర్నాడు పొద్దున్నే డేరా వెనక వెతికేవాళ్లం. నా దగ్గర పదకొండు ముక్కలు ఉండేవి. నీ దగ్గర అంతకన్నా ఎక్కువ. మాడిపోయిన బల్బు తెచ్చి, వెనక మూతి జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగ తీసేసి, నీళ్లు పోస్తే అదే మన భూతద్దం. మీ పశువుల కొట్టంలో చీకటి చేసి, గోడకి మీ నాన్న తెల్ల పంచె కట్టాం. నేను బయట ఎండలో నిలబడి అద్దంతో వెలుతురు లోపలికి కొట్టాలి. నువ్వు ముక్కని బల్బు ముందు తలకిందులుగా పట్టుకోవాలి. అలా పట్టుకుంటేనే బొమ్మ తిన్నగా పడుతుందని కనిపెట్టడానికి మనకి మూడు రోజులు పట్టింది. పంచె మీద మొదట మసక, తర్వాత రంగు, నువ్వు చేతిని అంగుళం ముందుకి జరిపేసరికి ఒక్కసారిగా శ్రీదేవి ముఖం! నువ్వు పెట్టిన కేకకి గేదె ఉలిక్కిపడి కుడితి తొట్టి తన్నేసింది. నేను అద్దం వదిలేసి లోపలికి పరిగెత్తుకొచ్చాను, వచ్చేసరికి బొమ్మ లేదు. అద్దం పట్టుకునేవాడికి బొమ్మ కనపడదు కదా. అది తెలిసీ ప్రతిసారీ నేనే అద్దం పట్టుకునేవాణ్ణి. నీ కేక వింటే నాకు చూసినట్టే ఉండేది.

మాయాబజార్ మా నాయనమ్మతో కలిసి చూశాం. తెరమీద కృష్ణుడు కనపడగానే ఆవిడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. మనకి కావలసింది ఘటోత్కచుడు. ఆ లడ్డూలు వాటంతట అవే ఎగిరొచ్చి ఎస్వీ రంగారావు నోట్లో పడుతుంటే మా చెల్లి కూడా నోరు తెరుచుకుని కూర్చుంది. తర్వాత ఎన్ని నెలలు మన గోలీలాటలో నీ జట్టు అసమదీయులు, నా జట్టు తసమదీయులు! పింగళి నాగేంద్రరావుగారు 1957లో పుట్టించిన మాటలు ముప్పై ఏళ్ల తర్వాత మన వీధిలో దుమ్ములో ఆడుకున్నాయంటే ఆయన ఎంతటివాడో చూడు. ఇంకో సంగతి నీకు తెలుసా? ఆ సినిమాకి కె.వి. రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడే సింగీతం శ్రీనివాసరావు. దూరాన ఉన్నవాళ్లని చూపించే ప్రియదర్శిని పెట్టె దగ్గర పని నేర్చుకున్నవాడు కాలంలో ప్రయాణించే యంత్రం తీశాడన్నమాట. నాకు ఇది తెలిసిన రోజు నీకు ఫోన్ చేశాను, నువ్వు మీటింగులో ఉన్నావు.

అసలు విషయానికొస్తాను. ఆదిత్య 369, అదే ఆ యంత్రం సినిమా.

1991 జులైలో వచ్చింది. మనం ఆరో తరగతి. మీ మేనమామ నిన్ను తెనాలి తీసుకెళ్లి చూపించాడు. నాకు మా నాన్న పంపలేదు, "మన ఊరికి వస్తుందిగా, అప్పుడు చూద్దువు" అన్నాడు. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నువ్వు తిరిగొచ్చి ఇంటికి కూడా వెళ్లకుండా సంచితో సహా మా గుమ్మంలోకి వచ్చావు. "లాకుల దగ్గరికి పద, చెప్తా" అన్నావు.

మూడు సాయంత్రాలు చెప్పావురా. కాలవ లాకుల గట్టు మీద కాళ్లు కిందికి వేలాడేసుకుని, కింద నీళ్ల హోరు, నువ్వు దానికి పైన గొంతు పెంచి చెప్పడం. మొదటి రోజు మ్యూజియంలో రాత్రి ఇరుక్కుపోయిన కుర్రాడు, వజ్రం దొంగతనం, అమ్రీష్ పురి. మిషన్ తిరిగే చప్పుడు కోసం పలక మీద గులకరాయి గీకావు. రెండో రోజు మిషన్ 1526కి వెళ్లింది. కృష్ణదేవరాయలు ఎట్లా నడిచాడో లేచి నడిచి చూపించావు, తెనాలి రామకృష్ణుడు ఎట్లా మాట్లాడాడో ఆ గొంతు పెట్టావు. మూడో రోజు 2504. అక్కడినుంచి తిరిగి వస్తూ వస్తూ మిషన్ దారి తప్పింది. అంకెలు గిర్రున తిరిగి, 1977 నవంబరు 18 దగ్గర ఆగాయి. తలుపు తీస్తే మన ఊరు.

ఆ సీను నాకు అక్షరం అక్షరం గుర్తుంది. బాలకృష్ణ మన చెరువుగట్టు మీద దిగాడు. సినిమా రిక్షా ఆయన దగ్గర మైకు తీసుకుని "రేపు ఉప్పెన వస్తుంది, అందరూ మెరక మీదికి పొండి" అని ఊరంతా చెప్పాడు. జనం బళ్లు కట్టారు. ఒక్క తాత మాత్రం కదల్లేదు. "నా గేదెలు కట్టేసి ఉన్నాయి బాబూ" అన్నాడు. అప్పుడు బాలకృష్ణ, "పలుపులు నేను విప్పుతాను, నువ్వు ముందు బండెక్కు తాతా" అన్నాడు. విప్పాడు. తాత బండెక్కాడు. గేదెలు వెనకాలే నడిచాయి. మిషన్ మళ్లీ ఎగిరిపోయింది.

నువ్వు అది చెప్పేటప్పుడు చేతులు ఊపలేదు, గొంతులు మార్చలేదు. నీళ్లకేసి చూస్తూ చెప్పావు.

మన ఊరికి సినిమా వచ్చింది మరుసటేడు ఎండాకాలంలో. నేను ఇసక కుప్ప మీద ఆ సీను కోసం కాచుకుని కూర్చున్నాను. సినిమా ఎంత బాగుందో! ఇళయరాజా పాటలు, ఆ రాయలవారి సభ, ముందుకాలం మనుషుల బట్టలు. అయినా నా ప్రాణమంతా ఆ సీను మీదే ఉంది. 2504 అయిపోయింది, తిరిగొచ్చేశారు, శుభం పడింది. మన ఊరు రాలేదు. సైకిలు అబ్బాయి ఆ రీలు పక్క ఊళ్లో మర్చిపోయాడనుకున్నాను. ఆపరేటరు దగ్గరికి వెళ్లి అడిగాను కూడా, "ఉప్పెన రీలు వేయలేదేం" అని. ఆయన వింతగా చూశాడు. బయటికొచ్చి నిన్ను అడిగితే నువ్వు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నీకు చెప్పేటప్పుడు అట్లానే వచ్చిందిరా" అన్నావు. నేను ఇంకేమీ అడగలేదు. నాకు కోపం రాలేదురా, ఒట్టు. బడి గుమ్మంలో రాత్రంతా నిలబడ్డ మీ నాన్న కళ్లముందు కనపడ్డాడు. 1990లో ముందే చెప్పారు కాబట్టి మనం బతికాం. 1977లో అట్లా ఎవరన్నా వచ్చి చెప్పి ఉంటే అని నీకు అనిపించింది. నాకు అర్థమైంది, కానీ ఆ మాట నీతో అనడానికి అప్పట్లో నాకు మాటలు లేవు. ఇప్పుడు రాస్తున్నాను.

మా పాపకి చిన్నప్పటినుంచీ పడుకునేముందు ఆ కథే చెప్పాను. నీ సీనుతో సహా. దానికి సినిమా అంటే అదే. పోయిన నెల 4న ఆదిత్య 369 మళ్లీ విడుదలైతే తీసుకెళ్లాను. సింగీతంగారి పేరు తెరమీద పడగానే చప్పట్లు కొట్టారు జనం. మొదటినుంచీ అది నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. అయిపోయి లైట్లు వెలిగాక, "నాన్నా, మన ఊరి సీను తీసేశారా?" అంది. అచ్చం నేను అడిగినట్టే. బయటికొచ్చి చెరుకురసం తాగుతూ మొత్తం చెప్పాను: లాకులు, మీ తాత, గేదెలు, అన్నీ. చివరిదాకా విని ఊరుకుంది. నెలరోజులు ఆ ఊసే ఎత్తలేదు.

ఇవాళ సాయంత్రం అన్నం తింటూ తింటూ అడిగింది. "మరి బండెక్కాక ఆ తాత ఏం చేశాడు? తుఫాను వెళ్లిపోయాక మళ్లీ ఇంటికొచ్చాడా? మావయ్య పుట్టాక ఎత్తుకున్నాడా?"

నాకు తెలియదన్నాను. నువ్వు మిషన్ ఎగిరిపోవడంతో ఆపేశావు కదా. వాళ్ల మావయ్యనే అడగమన్నాను. వచ్చే ఆదివారం పొద్దున్న, మీకు శనివారం రాత్రి, వీడియో కాల్ చేస్తుందట. తీరికగా కూర్చో. నేనూ పక్కనే ఉంటాను.

పలక ఒకటి కొనిపెట్టాను, గులకరాయి కాలవ దగ్గరినుంచి తెచ్చాను. మిషన్ చప్పుడు ఇక్కడినుంచి నేను చేస్తాను.

చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
బావ